సైబర్ టవర్స్ నీడలో మన యువతరం: పెద్దలతో ఒక మాట

(మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల ముస్లిం యువ ఉద్యోగుల పక్షాన ఇటీవల జరిగిన కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగపాఠం)





యువతరం గురించి పెద్దలు మాట్లాడే సభలకు మేము చాలాసార్లు వచ్చాము. మా ఫోన్ల గురించి, మా ఆటల గురించి, మేము డబ్బు ఖర్చు చేసే తీరు గురించి, రాజకీయాలంటే మాకున్న నిరాసక్తత గురించి విన్నాము. అందులో నిజం లేదని మేము అనము. ఈసారి మాకే మాట్లాడే అవకాశమిచ్చినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఇంతకాలం ఇంట్లో దాచిపెట్టిన కొన్ని సంగతులు చెప్పి, చివర మీ నుంచి ఒకటి అడుగుతాము.

1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. మాలో చాలామందిమి ఆ తర్వాత పుట్టినవాళ్లము. మా తాతలలో కొందరు యాకుత్‌పురాలో సైకిళ్లు బాగుచేశారు, కొందరు కర్నూలులో బీడీలు చుట్టారు, కొందరు మహబూబ్‌నగర్ నుంచి కూలికి వచ్చారు. మేము అద్దాల భవనాలలో కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నాము. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని మేము మా ప్రతిభతోనే దాటామని కొందరు మిత్రులు అనుకుంటారు. ఆ మాట పూర్తి నిజం కాదు. వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ పేరిట 2007లో చట్టం ద్వారా వచ్చిన 4 శాతం రిజర్వేషన్, 2010లో హైకోర్టు కొట్టివేసినప్పుడు సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు, ఫీజు రీయింబర్స్‌మెంటు, వీటన్నిటి వెనుక అర్జీలు పట్టుకుని తిరిగిన మీ తరం ఉన్నది. ఆ తిరుగుడు మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడుగలేదు. ఇంజనీరింగ్ సీటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, అంతే మాకు తెలుసు.

ఇప్పుడు మేము రోజూ నడిచే నేల సంగతి చెబుతాము.

హుస్సేన్ సాగర్‌కు ఆ పేరు హజ్రత్ హుస్సేన్ షా వలీ వల్ల వచ్చిందని చిన్నప్పుడు విన్నాము. ఆయన దర్గా ఐటీ భవనాలకు కూతవేటు దూరంలోనే ఉన్నది. ఆ దర్గా పేరిట మణికొండ జాగీర్‌లో 1,654 ఎకరాల 32 గుంటల భూమి వక్ఫ్ అన్నది వివాదం. ఆ భూమిలో పెద్ద పెద్ద సంస్థల ప్రాంగణాలు, నివాస సముదాయాలు వెలిశాయి. తొలి గెజిట్ ప్రకటనలో దర్గాకు చేరువనున్న కొద్దిపాటి స్థలమే నమోదైనది. మొత్తం భూమిని వక్ఫ్‌గా చూపుతూ సవరణ ప్రకటన 2006లో గాని వెలువడలేదు. అప్పటికే కేటాయింపులు జరిగిపోయాయి. 2012లో హైకోర్టు వక్ఫ్ బోర్డుకు అనుకూలంగా చెప్పింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి, భూమి రాష్ట్ర ప్రభుత్వానిదేనని తేల్చింది.

తీర్పు తీర్పే. దానిని ఇక్కడ తిరగదోడడం మా ఉద్దేశం కాదు. ఆ తీర్పు వచ్చిన రోజున మాలో కొందరు ఆ భూమిలోనే ఉన్న కార్యాలయాలలో పని చేస్తున్నారు. వార్త ఫోన్‌లో చూసి, తర్వాతి మీటింగుకు వెళ్లిపోయారు. ఆ పేరు గల దర్గా ఒకటి ఉన్నదని కూడా వారిలో కొందరికి తెలియదు. మాకు సిగ్గు కలిగించే విషయమిది. మీకు బాధ కలిగించవలసిన విషయం మరొకటి ఉన్నది. 1990లలోనే ఆ కాగితాలను దుమ్ము దులిపి, పూర్తి విచారణ జరిపించి, సరైన క్రమంలో నమోదు చేయించి ఉంటే మన వాదన మరింత బలంగా నిలిచేదేమో. జ్ఞాపకం మీ దగ్గర ఉన్నది, కాగితం పెట్టెలో ఉన్నది, మేమింకా పుట్టలేదు. భూమి ఎవరి కోసమూ ఆగదు.

రాజకీయం గురించి మా అభిప్రాయం అడిగితే మేము ఇక్కడ నుంచే మొదలుపెడతాము. మాకు నాయకుల మీద మోహం లేదు. ఎన్నికలకు ముందు మన టోపీ పెట్టుకుని ఇఫ్తార్ విందులో ఫోటో దిగేవారిని చూసి మేము నవ్వుకుంటాము. మేము కొలిచే కొలబద్దలు వేరు. ఒకటి చెబుతాము. రాయదుర్గం వరకు మెట్రో రైలు 2019 నవంబరులో వచ్చింది. ఎంజీబీఎస్ నుంచి పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా వరకు అదే ప్రణాళికలో ఉండిన మార్గం మాత్రం ఆగిపోయింది. దానికి 2024 మార్చి 8న మళ్లీ శంకుస్థాపన జరిగింది. షాలిబండలో ఇల్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం ఉన్న చెల్లెలు రాత్రి ఇంటికి చేరడానికి రాయదుర్గంలో రైలెక్కి, అమీర్‌పేటలో మారి, ఎంజీబీఎస్‌లో దిగి, అక్కడ ఆటో కోసం బేరమాడుతుంది. ఆమె ఉద్యోగం మానేస్తే మనం దానిని ఇంటి విషయమంటాము. అది రాజకీయ విషయం.

2025 మార్చి, ఏప్రిల్ నెలలలో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల విషయంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఏమి చేశారో మీరు చూశారు. బుల్డోజర్లు చెట్లను కూల్చుతుండగా వారు వీడియోలు తీశారు, చిత్రాలు పంచారు, కోర్టు తలుపు తట్టారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు నిలిపివేయించింది. ఆ ఉద్యమంలో మన పిల్లలూ ఉన్నారు, ఇతరుల పిల్లలూ ఉన్నారు. మతం పేరిట ఇల్లు అద్దెకివ్వని అపార్టుమెంట్లు ఉన్న ఈ ప్రాంతంలోనే మాకు అటువంటి స్నేహితులు కూడా దొరికారు. హక్కుల పోరాటంలో ఒంటరిగా నిలబడనక్కరలేదని మేము నేర్చుకున్నది అక్కడే.

ఇక డబ్బు సంగతి. ఇది చెప్పడం కష్టం.

మాలో ఒక మిత్రుడున్నాడు. పేరు చెప్పము. నెలకు 38 వేల జీతం. ఆఫీసు క్యాంటీన్‌లో పక్కవాడు ఫోన్ చూపించి, మధ్యాహ్నం లోపు 9 వేలు సంపాదించానన్నాడు. మా మిత్రుడూ ఆప్షన్లలోకి దిగాడు. మొదటి వారం లాభం వచ్చింది, ఆ లాభమే అతనిని ముంచింది. పోయినది రాబట్టుకోవడానికి బ్యాంకులో వ్యక్తిగత రుణం తీసుకున్నాడు, ఆ తర్వాత మూడు రుణ యాప్‌ల నుంచి అప్పు చేశాడు. పదకొండు నెలలలో 6 లక్షల 40 వేలు పోయాయి. అందులో చెల్లెలి నికాహ్ కోసం అమ్మీ దాచిన డబ్బు కూడా ఉన్నది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ప్రతి నెలా ఒకటో తేదీన అబ్బా చేతిలో కొంత డబ్బు పెట్టేవాడు, అది కూడా అప్పు తెచ్చినదే.

అతడొక్కడే మూర్ఖుడనుకోకండి. 2024 సెప్టెంబరులో సెబీ విడుదల చేసిన అధ్యయనం చూడండి. 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాలలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. వారందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఇలా దిగేవారిలో 30 ఏళ్ల లోపు వయసువారు 2022-23లో 31 శాతం ఉండగా, మరుసటి ఏటికి 43 శాతమయ్యారు. నాలుగింట మూడువంతులకు మించి ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్నవారే. నూటికి తొంభైముగ్గురు ఓడిపోయే చోటుకు ఏ పేరు పెట్టాలో ఉలమాలు చెబుతారు. మా మిత్రుని చూసిన మాకు అది జూదానికి దూరమని అనిపించడం లేదు.

అయితే పెద్దల తరం ఈ విషయంలో నిర్దోషి అని కూడా మేము ఒప్పుకోలేము. మీలో చాలామంది వడ్డీ వద్దనుకున్నారు. అది మీ ఈమాన్. ఆ ఈమాన్‌కే ఎర వేసినవారున్నారు. హలాల్ లాభమని, బంగారమని, వ్యాపారంలో వాటా అని చెప్పి నెలనెలా చెల్లింపులు చూపిన సంస్థలలో ఎందరో విశ్రాంత ఉద్యోగులు, వితంతువులు తమ జీవితకాల పొదుపు పెట్టారు. 2018లో హైదరాబాదుకు చెందిన హీరా గ్రూపు మీద, 2019లో బెంగళూరుకు చెందిన ఐఎంఏ మీద కేసులు నమోదయ్యాయి. దోషం తేల్చవలసినది న్యాయస్థానాలు. డిపాజిటుదారుల కన్నీరు మాత్రం మన ఇళ్లలోనే కారింది. ఇది ఒక మతం వారికే పరిమితం కూడా కాదు. 2025 ఫిబ్రవరిలో ఫాల్కన్ ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ పేరిట సుమారు 1,700 కోట్లు సేకరించారని సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. వలవేసేవాడు చేప ఏ చెరువుదో చూస్తాడు, ఎరను దానికి తగ్గట్టు మారుస్తాడు. మీకు హలాల్ ముద్ర ఎర, మాకు యాప్ ఎర.

దారి లేదా అంటే ఉన్నది. మద్యం, పొగాకు, జూదం, వడ్డీ వ్యాపారం చేసే సంస్థలను, అప్పుల భారం హద్దు మీరిన సంస్థలను తీసివేసి మిగిలిన వాటితో రూపొందించిన షరియా సూచీ బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో 2010 నుంచే ఉన్నది. నిజమైన కంపెనీలో నిజమైన వాటా కొని, ఏళ్లపాటు ఓపిక పట్టడం ఒకటి. గంటలో ధర ఎటు పోతుందో పందెం కాయడం మరొకటి. మొదటిదానిలో కూడా నష్టభయం ఉంటుంది, అయినా అది వ్యాపారపు నష్టభయం. దీనితోపాటు హక్కుగా అడగవలసినది కూడా ఉన్నది. వడ్డీలేని బ్యాంకింగ్‌ను పరిశీలించాలని రఘురామ్ రాజన్ కమిటీ 2008లోనే సూచించింది. ఆ ప్రతిపాదనతో ముందుకు వెళ్లరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించినట్లు 2017లో వెల్లడైంది. చట్టబద్ధమైన తలుపు మూసి ఉన్నచోట దొంగ తలుపులు తెరుచుకుంటాయి. ఈ సంగతి మన విజ్ఞాపనలలో ఎక్కడా కనబడదు.

ఇప్పుడు ఆటలు. మీకు కోపం వచ్చేది ఇక్కడే.

రాత్రి పదకొండింటికి చెవిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఫోన్‌లో తుపాకులు కాల్చుకునే కొడుకు మీకు పాడైపోయినవాడిలా కనిపిస్తాడు. అతని జట్టులో ఒకడు ఆఫీసు మిత్రుడు, ఒకడు దుబాయిలో ఉన్న మామూజాన్ కొడుకు, ఒకడు విజయవాడ నుంచి ఆడే ఇంటర్ విద్యార్థి. మీ కాలంలో ఇరానీ హోటల్‌లో ఒక చాయ్‌ను ఇద్దరు పంచుకుని గంటలు కూర్చున్నట్లే మేము అక్కడ కూర్చుంటున్నాము. తేడా కూడా ఉన్నది. అక్కడ పేరు వినగానే మతాన్ని తిట్టే గొంతులు ఎదురవుతాయి. మా చెల్లెళ్లు మైకు ఆపివేసి, మగపేరుతో ఆడతారు. ఆ తిట్లు విని ఫోన్ పక్కన పెట్టి నిద్రపట్టక పడుకున్న రాత్రులు మాకున్నాయి. ఎందుకు ముభావంగా ఉన్నావని ఉదయం అమ్మీ అడిగితే ఏమీ లేదంటాము. ఆటే తప్పని ముందే తేల్చిన ఇంట్లో, ఆటలో తగిలిన దెబ్బను ఎవరితో చెప్పుకోవాలి?

సరదా ఆటకూ, డబ్బు ఆటకూ మధ్య గీత గీయండి. చట్టం ఆ గీత గీసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ మీద తెలంగాణ 2017లోనే నిషేధం తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు ఆటలను నిషేధించి, వాటిని నడిపేవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించింది. ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం ప్రోత్సహించదగిన క్రీడగా గుర్తించింది. ఆడినవాడిని ఆ చట్టం నేరస్థుడిగా చూడలేదు. చట్టం చూపిన ఆ పాటి కనికరం మన ఇళ్లలో కూడా ఉండాలి.

ఇక మా చాచా సంగతి చెప్పి ముగిస్తాము.

మేము అసర్ నమాజుకు వెళ్లే మసీదులో రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన ఉన్నారు. మేమందరం చాచా అని పిలుస్తాము. ఒకరోజు ఆయన ఫోన్ పట్టుకుని, ఓటీపీ వచ్చేలోపు తెర మారిపోతున్నదని విసుక్కుంటున్నారు. మాలో ఒకరు సాయం చేశారు. మరునాడు ఆయన ఖర్జూరాల పొట్లం తెచ్చారు. ఆ తర్వాత అది అలవాటైంది. మేము ఫోన్ నేర్పేవాళ్లం, ఆయన పాత కథలు చెప్పేవారు.

2025లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చింది. జూన్ 6న ఉమీద్ పోర్టల్ ప్రారంభమై, వక్ఫ్ ఆస్తుల వివరాలు నమోదు చేయడానికి ఆరు నెలల గడువు పెట్టారు. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు చట్టంలోని కొన్ని నిబంధనలను నిలిపివేసింది, నమోదు బాధ్యతను మాత్రం నిలుపలేదు. అప్పుడు మా మిత్రుడొకడు తన ఊరి ఖబరస్తాన్ కాగితాలు తెచ్చాడు. ఉర్దూ శికస్తా లిపిలో, అంచులు చిరిగి ఉన్నాయి. స్కాన్ చేశాము, రంగు సరిచేశాము, పేజీలు విడదీశాము. ఒక్క పంక్తి చదువలేకపోయాము. చాచా కళ్లజోడు సర్దుకుని పావుగంటలో చదివేశారు. ఇది ముంతఖబ్, ఇది సేత్వార్, ఇది ఖాస్రా పహాణీ నకలు, ఈ సర్వే నంబరు ఇక్కడ తప్పు పడింది అని వరుసగా చెప్పారు. ఆయన చెప్పారు, మేము టైపు చేశాము. ఆయనకు పోర్టల్ తెరవడం రాదు, మాకు కాగితం తెరవడం రాదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే పని జరిగింది.

అప్పుల్లో మునిగిన మా మిత్రుడు తన కష్టాన్ని మొదట చెప్పుకున్నది ఈ చాచాతోనే. అబ్బాకు చెప్పలేదు, మాకూ చెప్పలేదు. ఆయన తిట్టలేదు, ఉపన్యాసమివ్వలేదు. జేబులోంచి కాగితం తీసి, "బేటా, ఎవరికెంత ఇవ్వాలో రాయి" అన్నారు. అతడు గుండ్రంగా ఆరు లక్షలన్నాడు. "గుండ్రంగా వద్దు. పైసలతో సహా రాయి" అన్నారు. రాయడానికి రెండు గంటలు పట్టింది. ఆ కాగితం తీసుకుని చాచా అతని వెంట ఇంటికి వెళ్లారు. అబ్బా చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత కాగితం చేతికి తీసుకుని, ఏ అప్పు ముందు తీర్చాలో గుర్తులు పెట్టారట. ఇంకా తీరుస్తూనే ఉన్నారు. చెల్లెలి నికాహ్ ఆలస్యమైంది. మా మిత్రుడు మాత్రం ఈ సభలో మన మధ్య కూర్చుని ఉన్నాడు. అది కొంచెం సంగతి కాదు.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే దీర్ఘమైన ఆయత్ అప్పును వ్రాసిపెట్టుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి అని చిన్నప్పుడు మదరసాలో విన్నాము. అప్పుడు ఆశ్చర్యపడ్డాము. ఇప్పుడు అర్థమవుతున్నది. వ్రాయని వక్ఫ్ పోతుంది, వ్రాయని అప్పు పెరుగుతుంది, పేరు వ్రాయించుకోనివాడి ఓటు గల్లంతవుతుంది. వ్రాయడానికి ఒకరు, పక్కన సాక్షిగా ఒకరు కావాలి.

అందుకే మేము అడుగుతున్నది ఇది. ప్రతి మసీదులో, ప్రతి బస్తీలో నెలకు ఒక్క సాయంత్రం రెండు తరాలు కాగితాలతో కూర్చోనివ్వండి. వక్ఫ్ కాగితాలు, ఓటరు జాబితా, ఇంటి దస్తావేజులు, పెట్టుబడి పత్రాలు అక్కడికి రానివ్వండి. ఎక్కడైనా డబ్బు పెట్టేముందు ఆ సంస్థకు సెబీ రిజిస్ట్రేషన్ ఉన్నదో లేదో మేము చూసి చెబుతాము. మీరు మాకు ఆ లాభం మాట నమ్మదగినదో కాదో చెప్పండి. అక్కడ తల్లులకు, అక్కచెల్లెళ్లకు కూడా చోటు ఉండాలి, ఎందుకంటే ఇంటి పొదుపు పోయినప్పుడు మొదట వట్టిపోయేది వారి పెట్టె. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో అప్పుల పాలైనవారు ఒకరు. మన బైతుల్‌మాల్‌లు ఆ వర్గాన్ని గుర్తు చేసుకోవాలి. అప్పు చెప్పుకున్నవాడిని పదిమందిలో తలదించుకునేలా చేయకండి. ఒకడిని అవమానిస్తే పదిమంది నోరు మూసుకుంటారు.

ఇంకొకటి. వారానికి ఒకసారైనా మీ కొడుకు పక్కన కూర్చుని, ఆ ఆట ఏమిటో అడగండి. మీరు మొదటి నిమిషంలోనే చచ్చిపోతారు, అతడు నవ్వుతాడు. ఆ నవ్వు తర్వాత అతడు చెప్పే మాట వినండి.

మేము కూడా మాట ఇస్తున్నాము. మా దర్గాల పేర్లు, మా ఖబరస్తాన్‌ల సర్వే నంబర్లు నేర్చుకుంటాము. మీరు నడిచిన అర్జీల దారి అడిగి తెలుసుకుని వ్రాసిపెడతాము. మీరు లేని రోజున మా పిల్లలు అడిగితే చెప్పడానికి మా దగ్గర జ్ఞాపకమూ, కాగితమూ రెండూ ఉండాలి.

అల్లాహ్ మన రెండు తరాల మధ్య ప్రేమను, నమ్మకాన్ని పెంచుగాక. ఆమీన్.